వేసవి పది వారాలకు తగిన ప్రశ్న: పశువైద్య విద్యార్థులకు పరిశోధన అవకాశాలు

నమస్కారం. పశువైద్య కోర్సు మధ్యలో ఉండి, రాబోయే వేసవి సెలవుల్లో క్లినిక్‌లో పనిచేయాలా, పరిశోధనశాలలో చేరాలా అని ఆలోచిస్తున్న విద్యార్థుల కోసం ఈ వీడియో. చికిత్సానుభవం చివరి సంవత్సరంలోనూ, పట్టా అందుకున్న తరువాతా తప్పకుండా లభిస్తుంది. ఒకే ప్రశ్న మీద పది పన్నెండు వారాలు మనసు పెట్టి పనిచేసే వెసులుబాటు మాత్రం ఉద్యోగంలో చేరాక దొరకడం చాలా కష్టం. అందుకే కనీసం ఒక వేసవినైనా పరిశోధనకు కేటాయించమని గట్టిగా చెబుతాను.

వైద్యం చేయడం ఇష్టం లేనివారే పరిశోధనకు వెళతారన్న అభిప్రాయం తరగతి గదుల్లో ఇంకా వినిపిస్తోంది. వైరస్ సోకిన కణాలను రోగనిరోధక వ్యవస్థ ఎలా గుర్తిస్తుందో కనుగొన్నందుకు 1996లో రోల్ఫ్ జింకర్‌నాగెల్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకున్న పీటర్ డోహర్టీ చదివింది పశువైద్యమే. దక్షిణాసియాలో రాబందులు ఎందుకు అంతరించిపోతున్నాయో తేల్చిన పరిశోధన నాకు ఇంకా దగ్గరిది. లిండ్సే ఓక్స్ అనే పశువైద్య శాస్త్రవేత్త, ఆయన బృందం చనిపోయిన రాబందులకు శవపరీక్ష చేసినప్పుడు మూత్రపిండాలు దెబ్బతిని, లోపలి అవయవాల మీద యూరిక్ ఆమ్లం తెల్లగా పేరుకుని కనిపించింది. అంటువ్యాధి కోసం వెతికితే ఆధారం దొరకలేదు. అప్పుడు వారు, రాబందుల ఆహారమైన పశువులకు బతికున్నప్పుడు ఏ మందులు వాడుతున్నారని పశువైద్యులను, మందుల విక్రేతలను అడిగారు. ఆ విచారణ డైక్లోఫెనాక్ అనే నొప్పి నివారణ మందు దగ్గరకు తీసుకువెళ్లింది. ఫలితాలు 2004లో వెలువడ్డాయి. శవపరీక్ష, ఓపికగా అడిగిన ప్రశ్నలు, చికిత్సలో వాడే మందుల గురించిన అవగాహన కలిసి ఇచ్చిన జవాబు అది.

ఇక అవకాశాల విషయానికి వస్తే, ఈ పద్ధతి బాగా స్థిరపడిన దేశం అమెరికా. అక్కడ బోరింగర్ ఇంగెల్‌హైమ్ సంస్థ పేరిట నడిచే వెటర్నరీ స్కాలర్స్ కార్యక్రమం అనేక పశువైద్య కళాశాలల ద్వారా విద్యార్థులకు భృతి ఇచ్చి వేసవి పరిశోధన చేయిస్తుంది. అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థలు కూడా స్వల్పకాలిక శిక్షణ కోసం కళాశాలలకు నిధులు ఇస్తాయి. కార్నెల్ విశ్వవిద్యాలయపు నాయకత్వ కార్యక్రమం ఇతర దేశాల పశువైద్య విద్యార్థుల దరఖాస్తులనూ స్వీకరిస్తుంది. వీటన్నిటికీ గడువు వేసవికి చాలా నెలల ముందే ముగుస్తుంది కాబట్టి, సెలవులు దగ్గరపడ్డాక వెతకడం మొదలుపెడితే ఆలస్యమైనట్లే. అయితే ఇలాంటి పేరున్న కార్యక్రమంలో చోటు దొరకకపోతే పరిశోధనే లేదని అనుకోవద్దు. మీ కళాశాలలోనే ఒక అధ్యాపకుడి దగ్గర చేసే చిన్న అధ్యయనం కూడా అంతే విలువైనది కాగలదు.

ప్రయోగశాల పేరు కంటే, పది వారాల్లో మొదలుపెట్టి ముగించగల ప్రశ్నను ఎంచుకోవడమే ముఖ్యమని నా నమ్మకం. కొత్తగా జంతువుల మీద ప్రయోగం చేయాలంటే నైతిక కమిటీ అనుమతి కావాలి, అది రావడానికే నెలలు పట్టవచ్చు. ఆ అనుమతి ముందే ఉందో లేదో చేరకముందే అడిగి తెలుసుకోండి. అందుకే ఆసుపత్రి రికార్డులు, భద్రపరిచిన సీరం (రక్తం నుంచి వేరుచేసిన ద్రవం), పాత కణజాల స్లైడ్లు వేసవి పనికి బాగా సరిపోతాయి.

ఉదాహరణకు, మూత్రాశయ ఇన్ఫెక్షన్‌తో వచ్చిన కుక్కల్లో దొరికిన బాక్టీరియా ఏ యాంటీబయోటిక్‌లకు లొంగుతోంది, ఆ తీరు ఏటేటా మారుతోందా అన్న ప్రశ్న తీసుకోండి. ఫలితాలన్నీ కంప్యూటర్లో ఉన్నాయి కాబట్టి సులువే అనిపిస్తుంది. లోతుగా చూస్తే, మొదటి మందుకే నయమైన కుక్కల మూత్రాన్ని చాలాసార్లు కల్చర్‌కు, అంటే బాక్టీరియాను పెంచి చూసే పరీక్షకు, పంపరు. పంపినవాటిలో మొండి కేసులే ఎక్కువగా ఉంటాయి. ఆ లెక్కను అలాగే తీసుకుంటే, మందులకు లొంగని బాక్టీరియా వాస్తవం కంటే ఎక్కువగా ఉన్నట్లు కనిపిస్తుంది. ఒకే కుక్క నమూనాలు నాలుగుసార్లు వస్తే వాటిని నాలుగు కేసులుగా లెక్కించాలా, ఒకటిగానా? మధ్యలో ప్రయోగశాల పరీక్షా ప్రమాణాలను మార్చి ఉంటే, కనిపించే మార్పు బాక్టీరియాలో వచ్చిందా, ప్రమాణంలో వచ్చిందా? ఈ ప్రశ్నలతో ఒక వేసవి కుస్తీ పట్టిన విద్యార్థి, రేపు తన దగ్గరకు వచ్చిన జంతువుకు మందు రాసే ముందు, పరిశోధన పత్రికల్లో అచ్చయిన శాతాలను ఎలా చదవాలో తెలిసినవాడై ఉంటాడు.

మార్గదర్శకుడి విషయంలో ఒకే మాట: ప్రతిరోజూ మీ సందేహాలు తీర్చేది ఎవరో ముందే అడగండి. పెద్ద ప్రొఫెసర్ వేసవంతా సదస్సుల్లో ఉండవచ్చు. అప్పుడు మీకు పని నేర్పేది ఒక పీహెచ్‌డీ విద్యార్థే. అక్కడ గతంలో పనిచేసిన వారితో మాట్లాడితే అసలు పరిస్థితి తెలుస్తుంది. పరిశోధన పత్రంలో మీ పేరు ఉంటుందా అన్నదీ మొదటి వారంలోనే మర్యాదగా అడగవలసిన విషయం.

ప్రయోగ జంతువులతో పని ఉంటే ఇంకొంత ఆలోచన అవసరం. 1959లో రస్సెల్, బర్చ్ ప్రతిపాదించిన మూడు సూత్రాలు, అంటే వీలైన చోట జంతువులకు ప్రత్యామ్నాయం వాడడం, వాటి సంఖ్య తగ్గించడం, వాటికి కలిగే బాధను తగ్గించడం, నేటికీ ఈ రంగానికి పునాది. ఈ అధ్యయనానికి ఇన్ని జంతువులు ఎందుకు అని అడిగే హక్కు విద్యార్థికీ ఉంది, ఆ ప్రశ్నను విసుగు లేకుండా వినే ప్రయోగశాలనే ఎంచుకోండి. జంతువుల మెదడు నమూనాలను ముట్టుకునే పని అయితే రేబిస్ టీకా ముందుగానే పూర్తి చేసుకోవాలి.

అనుకున్న ఫలితం రాకపోవచ్చు. రెండు గుంపుల మధ్య తేడా లేదని తేలినా, సక్రమంగా చేసిన పని అయితే అదీ ఫలితమే, మీ పనిని వివరించే పోస్టర్ మీద ధైర్యంగా చూపించండి. చివరి వారాన్ని మాత్రం కొత్త పరీక్షలకు వాడకండి. నమూనాలు ఏ ఫ్రీజర్‌లో ఏ అరలో ఉన్నాయి, ఏ రికార్డులను ఎందుకు వదిలేశారు, లెక్కలు ఏ క్రమంలో చేశారు అన్నవి వచ్చే ఏడాది చేరే విద్యార్థి మిమ్మల్ని అడగకుండానే పని కొనసాగించగలిగేంత వివరంగా నోటుపుస్తకంలో రాసి అప్పగించండి.