వాక్యం మధ్యలో పడిన చుక్క: పాడ్‌కాస్ట్ ట్రాన్‌స్క్రిప్ట్

హోస్ట్: నమస్కారం. పుట్టుకతో వచ్చిన జన్యులోపానికి యాంటీబయాటిక్ పనిచేయొచ్చు అని ఎవరో అంటే నాకు మొదట నమ్మకం కుదరలేదు. అది బ్యాక్టీరియాని చంపే మందు కదా! డాక్టర్ గారూ, ఈ రెంటికీ ముడి ఎక్కడ పడింది?

డాక్టర్: చెప్తానండీ. ముందు జబ్బు సంగతి. మన కణాల్లో లైసోజోములని చిన్న చిన్న సంచులుంటాయి. 1955లో క్రిస్టియన్ డి డ్యూవ్ వాటికి ఆ పేరు పెట్టారు. పాతబడిన పెద్ద అణువులు అక్కడే ముక్కలవుతాయి, ఒక్కో రకానికి ఒక్కో ఎంజైమ్. అందులో ఒక్కటి లేకపోయినా ఆ సరుకు కరగదు, బయటికి పోదు. తూము పూడుకుపోతే నీళ్లు నిలిచిపోయినట్టు పేరుకుపోతుంది. గోషే, పాంపే, హర్లర్, ఇవన్నీ ఆ కుటుంబమే.

హోస్ట్: హర్లర్ గురించి చెప్పండి.

డాక్టర్: పుట్టినప్పుడు బిడ్డ మామూలుగానే ఉంటుంది. తర్వాత కాలేయం, ప్లీహం పెరుగుతాయి, కీళ్లు బిగుసుకుంటాయి, గుండె కవాటాలు మందమవుతాయి, వచ్చిన మాటలు కూడా పోతాయి. వైద్యం లేకపోతే చాలామంది పదేళ్లు దాటరు. అందులో లేనిది ఆల్ఫా-ఎల్-ఇడ్యురొనిడేస్ అనే ఎంజైమ్. దాని తయారీకి 653 అమైనో ఆమ్లాలు వరసగా గుచ్చాలి, పూసల దండలాగా.

హోస్ట్: మరి యాంటీబయాటిక్?

డాక్టర్: అక్కడికే వస్తున్నా. "అబ్బాయి బడికి వెళ్లి పుస్తకం తెచ్చాడు" అన్నామనుకోండి. "వెళ్లి" తర్వాత చుక్క పెడితే? తెలుగులో క్రియ చివర్లో వస్తుంది కాబట్టి అసలు ఏం జరిగిందో తెలియదు. హర్లర్ పిల్లల్లో కొందరికి జరిగేది సరిగ్గా ఇదే. 402వ చోట ట్రిప్టోఫాన్ అనే పూస రావాలి, దాని కోడ్ యూజీజీ. ఒక్క అక్షరం మారి యూఏజీ అయింది. యూఏజీ అంటే "ఆపు" అని. కోడ్ చదివి పూసలు గుచ్చే యంత్రం రైబోజోమ్. అది చదువుకుంటూ వచ్చి అక్కడ ఆగిపోతుంది. 653 పూసల దండ 401 దగ్గరే తెగిపోతుంది. అది ఎందుకూ పనికిరాదు.

హోస్ట్: ఒక్క అక్షరానికి!

డాక్టర్: ఒక్క అక్షరానికే. ఇప్పుడు జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ చూడండి. అది బ్యాక్టీరియా రైబోజోమ్‌లో కోడ్ చదివే చోటే వెళ్లి కూర్చుంటుంది. చదువు తప్పుతుంది, తప్పుడు ప్రోటీన్లు పుడతాయి, బ్యాక్టీరియా చస్తుంది. మన రైబోజోమ్‌లో ఆ చోట చిన్న తేడా ఉంది, అందుకే మందు పట్టు సడలుగా ఉంటుంది, మనం బతికిపోతాం. కానీ ఆ సడలు పట్టుకే అప్పుడప్పుడూ "ఆపు" అన్న చోట రైబోజోమ్ ఆగకుండా, ఏదో ఒక పూస గుచ్చేసి ముందుకు పోతుంది. దండ చివరి దాకా పూర్తవుతుంది. దీన్ని రీడ్‌త్రూ అంటారు.

హోస్ట్: అంటే విషంగా పనిచేసే గుణమే ఇక్కడ మేలు చేస్తోంది.

డాక్టర్: అవునండీ. 1996లో సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే మరో జన్యు జబ్బు కణాల్లో ఇది చూపించారు. 2001లో అలబామా యూనివర్సిటీ బృందం హర్లర్ రోగి కణాల మీద జెంటామైసిన్ ప్రయోగిస్తే ఎంజైమ్ కొద్దిగా తిరిగొచ్చింది, పేరుకున్న సరుకు కూడా తగ్గింది. ఈ జబ్బుల్లో నాకు ఆశ కలిగించేది అదే: ఎంజైమ్ నూటికి నూరుపాళ్లు రానక్కర్లేదు. కొద్ది శాతం వచ్చినా జబ్బు తీవ్రత మారిపోతుంది.

హోస్ట్: మరి ఇంకా రోగులకు ఎందుకు ఇవ్వట్లేదు?

డాక్టర్: జెంటామైసిన్‌ని ఇన్‌ఫెక్షన్‌కి కొన్ని రోజులే ఇస్తాం. అప్పుడు కూడా కిడ్నీల పరీక్షలు చేయిస్తూ, రక్తంలో మందు ఎంతుందో చూసుకుంటూ ఇస్తాం. ఇక్కడేమో బతికినంత కాలం కావాలి. లోపలి చెవిలో వినికిడికి ఆధారమైన రోమకణాలుంటాయి. ఈ మందుకి అవి చస్తే మళ్లీ మొలవవు. హర్లర్ పిల్లలకి ముందే వినికిడి తక్కువ, ఆ మిగిలినదీ తీసేస్తామా? పైగా ఇది మెదడులోకి సరిగా చేరదు. లేని ఎంజైమ్‌కి బదులుగా వారం వారం ఎక్కించే లారొనిడేస్‌కీ అదే చిక్కు, 2003 నుంచి వాడుకలో ఉన్నా మెదడుని కాపాడలేకపోతోంది. చిన్న వయసులో చేసే మూలకణ మార్పిడే ఇప్పటికీ మెదడుకి ఆసరా.

హోస్ట్: విషం తగ్గించి గుణం మిగల్చలేరా?

డాక్టర్: ఆ పనే చేస్తున్నారు. ఇజ్రాయెల్‌లోని టెక్నియాన్‌లో టిమోర్ బాసోవ్ బృందం అమినోగ్లైకోసైడ్ల, అంటే జెంటామైసిన్ కుటుంబం మందుల, అణువునే మార్చి కొత్తవి తయారుచేసింది. అందులో ఎన్‌బీ84 అనేదాన్ని హర్లర్ జన్యుమార్పున్న ఎలుకలకి ఇస్తే పేరుకున్న సరుకు తగ్గింది. నేను దీన్ని మందు అనను, దారి అంటాను.

హోస్ట్: ఇది వింటున్న అమ్మానాన్నలు అర్జంటుగా అడిగే ప్రశ్న: మా బిడ్డకి పనికొస్తుందా?

డాక్టర్: ఒక తల్లి నా బల్ల మీద బిడ్డ జన్యు పరీక్ష రిపోర్ట్ పెట్టి, "ఇందులో ఏం చూడాలి?" అంది. వేలు పెట్టి చూపించాను. అమైనో ఆమ్లం నంబరు పక్కన ఎక్స్ అని గానీ, నక్షత్రం గుర్తు గానీ, టెర్ అని గానీ ఉంటే అక్కడ చుక్క పడినట్టు. జన్యువు రెండు కాపీల్లో ఒక్కదాంట్లో ఉన్నా రీడ్‌త్రూకి అవకాశముంది. వేరే రకం మార్పయితే, జబ్బు అదే అయినా, ఈ దారి మూసుకుపోయినట్టే.

హోస్ట్: అయితే జబ్బు పేరు తెలిస్తే చాలదన్నమాట.

డాక్టర్: చాలదండీ. మ్యుటేషన్ పేరు, అంటే ఏ జన్యుమార్పో, అది కావాలి. ఇంకో మాట. జెంటామైసిన్ దుకాణంలో దొరుకుతుంది కదా అని ఎవరూ సొంతంగా ఇప్పించవద్దు, ప్రాధేయపడి చెప్తున్నాను. పోయిన వినికిడి తిరిగి రాదు. ఆ తల్లి రిపోర్ట్‌లో ఎక్స్ ఉంది. ఆ పేజీని ఫోన్‌లో ఫోటో తీసుకుని, అసలు కాగితం మడత పెట్టి పర్సులో దాచుకుంది.