కడప ఎండలో ఓవర్‌క్లాకింగ్: వేగం పెంచాక తప్పు రాకుండా చూసుకోవడం

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ నమస్కారం. డెస్క్‌టాప్ కంప్యూటర్‌లోని ప్రాసెసర్‌నూ మెమరీనీ కంపెనీ పెట్టిన వేగం కన్నా ఎక్కువలో నడపడం, నడిపినా లెక్క తప్పకుండా చూసుకోవడం గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. కడపలో చాలా ఏళ్లుగా కంప్యూటర్లు బిగించి ఇస్తున్న అన్న మనతో ఉన్నారు. అన్నా, ముందు ఆ పెళ్లి ఆల్బమ్‌ల కంప్యూటర్ సంగతి చెప్పండి.

అన్న: దానిని బిగించింది నేనే తమ్ముడూ, తప్పు కూడా నాదే. ఏడు రోడ్ల దగ్గర పెళ్లి ఆల్బమ్‌లు తయారు చేసే ఒకాయనకు డిసెంబరులో కోర్ ఐ5 10600కె ప్రాసెసర్‌తో కంప్యూటర్ బిగించి, 3200 వేగానికి, అంటే సెకనుకు అన్ని మిలియన్ల బదిలీలకు, అమ్మిన డీడీఆర్4 రకం మెమరీని 3600కు పెంచి, రాత్రి పూట రెండు గంటలు పరీక్ష పెట్టి, తప్పేమీ రాలేదని అప్పగించాను. మే నెలలో ఆయన పెన్‌డ్రైవ్ పట్టుకొని దుకాణానికి వచ్చాడు. తలంబ్రాల ఫోటో తెరిస్తే పెళ్లికూతురి భుజం వరకు చక్కగా ఉంది, అక్కడి నుంచి కిందికంతా బూడిద రంగు పట్టీ. అలాంటివి పదకొండు ఫోటోలు. ఆ అయిదు నెలల్లో కంప్యూటర్ ఒక్కసారి కూడా ఆగిపోలేదు, విండోస్ పడిపోయినప్పుడు వచ్చే నీలం తెర రాలేదు. చెడిన బిట్లను, అంటే తారుమారైన సున్నా ఒకట్లను, మంచి బిట్లలాగే డిస్కులో రాసుకుంటూ పోయింది. ఆయన కెమెరా కార్డులను చెరపకుండా దాచుకున్నాడు కాబట్టి ఆ ఇంటివాళ్ల ఫోటోలు దక్కాయి.

వ్యాఖ్యాత: డిసెంబరులో లేని తప్పు మే నెలలో ఎందుకు వచ్చింది?

అన్న: మెమరీ చిప్‌లో ప్రతి బిట్టూ ఒక సూక్ష్మమైన కెపాసిటర్‌లో నిలిచిన విద్యుత్ చార్జి. చిల్లి కుండలో నీళ్లలాగా అది నిరంతరం కారిపోతూ ఉంటుంది కనుక, ప్రతి వరుసనూ 64 మిల్లీసెకన్లలోపు ఒకసారి చదివి మళ్లీ నింపాలి. వేడి పెరిగేకొద్దీ ఆ చిల్లు పెద్దదవుతుంది. అందుకే చిప్ 85 డిగ్రీలు దాటితే ఆ గడువును సగానికి, అంటే 32 మిల్లీసెకన్లకు తగ్గించాలని ప్రమాణాలే చెబుతున్నాయి. ఒక్కో ఆదేశం కొన్ని వరుసలనే నింపుతుంది కనుక ఆదేశాలు వెంటవెంటనే పోవాలి. ఆ ఆదేశాల మధ్య విరామాన్ని బయోస్‌లో, అంటే విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగుల తెరలో, టీఆర్‌ఈఎఫ్‌ఐ అంటారు. డీడీఆర్4లో అది మామూలుగా 7.8 మైక్రోసెకన్లు. దానిని పెంచితే నింపడానికి పోయే సమయం మిగిలి, మెమరీ పని మీద ఎక్కువసేపు ఉంటుంది. నేను దానిని బాగా పెంచాను. గది 24 డిగ్రీలు ఉన్నప్పుడు చార్జి ఆ విరామాన్ని తట్టుకుంది. రేకుల కప్పు కింద గది 40కి చేరి, పక్కనే ప్రాసెసర్ సెగ కూడా తోడయ్యాక తట్టుకోలేదు.

వ్యాఖ్యాత: మరి 3600 అనే ఆ పెద్ద అంకెతో అసలు లాభం ఉందా?

అన్న: ఉంది, అయితే అంకె ఒక్కటే చూస్తే మోసపోతాం. సీఎల్ అంటే అడిగాక జవాబు మొదలవడానికి పట్టే గడియారపు టిక్కుల లెక్క. 3200 మెమరీ సీఎల్16తోనూ, 3600 మెమరీ సీఎల్18తోనూ నడిస్తే, మొదటి జవాబుకు రెండూ 10 నానోసెకన్లే తీసుకుంటాయి. ఒకేసారి తరలించే డేటా మాత్రం 3600లో ఎక్కువ. వీడియో ఎగుమతి చేసేవారికి ఆ తేడా కొంత తెలుస్తుంది, బిల్లులు కొట్టుకునే కంప్యూటర్‌కు అనవసరం.

వ్యాఖ్యాత: ప్రాసెసర్ విషయానికి వద్దాం.

అన్న: ప్రాసెసర్ వేగమంటే 100 మెగాహెర్ట్జ్ మూల గడియారాన్ని ఒక గుణకంతో హెచ్చించడమే. 48 పెడితే 4.8 గిగాహెర్ట్జ్. గుణకం పెంచడం సులభం, దాని వెంట వచ్చే వోల్టేజి దగ్గరే కష్టం. వేడి వేగంతో నేరుగా పెరుగుతుంది, వోల్టేజితో మాత్రం దాని వర్గం చొప్పున పెరుగుతుంది. అన్ని కోర్లనూ, అంటే ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాలన్నిటినీ, 4.5 నుంచి 4.8కి తీసుకుపోవడానికి వోల్టేజిని 1.20 నుంచి 1.30కి పెంచావనుకో, సుమారు 7 శాతం వేగం కోసం 25 శాతం ఎక్కువ వేడిని కొనుక్కున్నట్టే. మామూలు కూలర్ ఏదీ ప్రాసెసర్‌ను గది కన్నా చల్లగా ఉంచజాలదు. గది 24 ఉన్నప్పుడు 76 చూపిన కోర్, అదే పని మీద గది 40 ఉంటే 92 చూపుతుంది. ఈ ప్రాసెసర్ హద్దు 100. అక్కడికి చేరితే అదే తన వేగం తగ్గించుకుంటుంది, అప్పుడు మనం పెంచినదంతా వృథా. అధిక వోల్టేజి వల్ల చిప్ శాశ్వతంగా అరిగిపోవడం కూడా ఉత్త మాట కాదు. 2024లో ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని సరిగ్గా ఆ కారణంతోనే అస్థిరమైతే, ఆ సంస్థ ఆగస్టులో కొత్త మైక్రోకోడ్, అంటే ప్రాసెసర్‌ను లోపలి నుంచి నడిపే ఆదేశాలు, ఇవ్వవలసి వచ్చింది. అప్పటికే దెబ్బతిన్న చిప్‌లను అది బాగు చేయలేదు.

వ్యాఖ్యాత: ఇప్పుడు మీరు ఏ వరుసలో పని చేస్తున్నారు?

అన్న: రెండింటినీ ఒకే రోజు ముట్టుకోను. తప్పు వస్తే అది ఎవరిదో తెలియాలి కదా. ప్రాసెసర్‌ను కంపెనీ వేగంలోనే ఉంచి ముందు మెమరీ పెంచుతాను. విండోస్ తెరవకుండా, పెన్‌డ్రైవ్ నుంచి మెమ్‌టెస్ట్86+ అనే మెమరీ పరీక్ష నడుపుతాను, ఎందుకంటే చెడు మెమరీ మీద విండోస్ తెరిస్తే దాని ఫైళ్లే పాడవుతాయి. అక్కడ ఒక్క తప్పు వచ్చినా ఆ సెట్టింగు పనికిరాదు. వెయ్యి కోట్ల సార్లలో ఒక్కటే కదా అని నేను సర్దుకుపోను. తరువాత మెమరీని మామూలుకు తెచ్చి, ప్రాసెసర్‌ను 100 మెగాహెర్ట్జ్ చొప్పున పెంచుతూ ప్రైమ్95 అనే బరువైన లెక్కల పరీక్ష పెడతాను. లెక్కలో రౌండింగ్ తేడా, అంటే జవాబు దగ్గరి పూర్ణాంకానికి ఎంత దూరంలో ఉందనేది, 0.4 కన్నా తక్కువ ఉండాల్సింది 0.5 వచ్చిందంటూ అది ఆగిందంటే, కంప్యూటర్ పడిపోకముందే మనకు కబురు అందినట్టు. చివరగా రెండూ కలిపి, ఫ్యాన్ ఆపి, కిటికీ మూసి, మధ్యాహ్నం రెండు గంటలకు పరీక్ష మొదలుపెడతాను. ప్రతి అంకెనూ నోటుపుస్తకంలో రాస్తాను, ఆనాటి గది వేడితో సహా.

వ్యాఖ్యాత: ఆ ఆల్బమ్‌ల ఆయన కంప్యూటర్ ఇప్పుడు ఎలా ఉంది?

అన్న: మెమరీని 3200కే, సీఎల్16కే దించాను, టీఆర్‌ఈఎఫ్‌ఐని ఆటో సెట్టింగుకే వదిలేశాను, మెమరీకి ఎదురుగా ఒక చిన్న ఫ్యాన్ బిగించాను. ప్రాసెసర్ మాత్రం 4.7 మీద 1.24 వోల్టులతో నడుస్తోంది. ఏటా ఏప్రిల్ చివరి వారంలో ఆయన దానిని దుకాణానికి తెస్తాడు. ముందు ఫిల్టర్‌లోని నల్లరాయి దుమ్ము దులిపి, రాత్రంతా, మరునాటి మధ్యాహ్నమంతా పరీక్షకు వదులుతాను.