డకోటా నడక పట్టుకోవాలంటే
(బెంగళూరులో తెలుగు మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

కంప్యూటర్‌లో విమానం నడిపించే ఫ్లైట్ సిమ్యులేటర్ కోసం పాత రవాణా విమానం మోడల్ చేయాలనుకున్నవాళ్లు సాధారణంగా ముందు ఫొటోలు పోగేస్తారు. త్రీడీ బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్ బ్లెండర్ తెరిచి ముక్కు, రెక్కలు, తోక గీయడం మొదలుపెడతారు. నేను మిమ్మల్ని అడిగేది, ఆ పని కాస్త వెనక్కి పెట్టమని. ముందు ఆ విమానం ఎలా నడుస్తుందో పట్టుకోండి, ఎలా కనబడుతుందో తర్వాత చూసుకోవచ్చు. రూపం ఫొటోల్లో ఎలాగూ మిగిలే ఉంటుంది. దాన్ని నడిపినవాళ్ల చేతుల్లో ఉన్న పనితనం మాత్రం వాళ్లతోపాటే పోతోంది.

ఉదాహరణకు డకోటానే తీసుకుందాం. డగ్లస్ డీసీ-3 మొదటిసారి 1935 డిసెంబర్ 17న ఎగిరింది. దాని సైనిక రూపం సీ-47 పదివేలకు పైగా తయారైంది. ఆ సీ-47కి బ్రిటిష్ వాళ్లు పెట్టిన డకోటా పేరే మన దగ్గరా స్థిరపడింది. 1940లో మన బెంగళూరులో పుట్టిన హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ (ఇప్పటి హెచ్ఏఎల్) వాళ్లు, యుద్ధం అయ్యాక మిగిలిపోయిన డకోటాలను బాగుచేసి పౌర విమానాలుగా మార్చారు. అటు బేగంపేట నుంచి డెక్కన్ ఎయిర్‌వేస్ వీటినే నడిపింది. 1949లో రాత్రి తపాలా మొదలయ్యాక ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల నుంచి డకోటాలు అర్ధరాత్రికి నాగపూర్‌లో కలిసి, తపాలా సంచులు మార్చుకుని ఎటువి అటు వెళ్లిపోయేవి. 1947 అక్టోబర్ 27న శ్రీనగర్‌కు మన సైనికుల్ని చేర్చింది ఇవే. 1948 మే 24న ఎయిర్ కమడోర్ మెహర్ సింగ్ పదివేల అడుగులకు పైన ఉన్న లేహ్‌లో దిగింది కూడా డకోటాతోనే. అందులో ఆయనతోపాటు ఉన్నది జనరల్ తిమ్మయ్య, మన కొడగు మనిషి.

ఇంత చరిత్ర మోసిన విమానాన్ని సిమ్యులేటర్‌లో ఒక్క మీట నొక్కగానే స్టార్ట్ అయ్యేలా పెడితే నాకు మనసొప్పదు.

అసలు స్టార్ట్ ఎలా చేసేవారో చూడండి. డకోటాకున్న ప్రాట్ అండ్ విట్నీ ట్విన్ వాస్ప్ ఇంజిన్‌లో 14 సిలిండర్లు, ఏడేసి చొప్పున రెండు వరుసల్లో గుండ్రంగా ఉంటాయి. రాత్రంతా నిలబడి ఉంటే ఆయిల్ మెల్లగా కారి కింది సిలిండర్లలో చేరుతుంది. ద్రవాన్ని పిస్టన్ నొక్కలేదు కాబట్టి అలాగే స్టార్ట్ చేస్తే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అందుకే మెకానిక్కులు ముందు ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పేవారు. ఎక్కడైనా బిగుసుకుంటే ఆపేసి, కింది సిలిండర్ స్పార్క్ ప్లగ్ విప్పి ఆయిల్ దించేవారు. ఆ తర్వాతే కాక్‌పిట్‌లో స్టార్టర్ స్విచ్. ఒక సిలిండర్ అందుకుంటుంది, ఇంకొకటి మిస్ అవుతుంది, నీలిపొగ వస్తుంది, మెల్లగా అన్నీ వరుసలో పడతాయి. మోడల్‌లో ఇదంతా పెట్టవచ్చు. విమానం ఎన్ని గంటలు నిలబడిందో గుర్తుపెట్టుకుని, ప్రొపెల్లర్ తిప్పకుండా స్టార్ట్ చేస్తే ఇంజిన్ దెబ్బతినేలా రాయడం పెద్ద కష్టమేమీ కాదు. చాలామంది రాయరు, అంతే.

ఇంకో చిన్న పరీక్ష చెబుతాను. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు సిలిండర్లలోకి వెళ్లే గాలి ఒత్తిడిని చూపే మానిఫోల్డ్ ప్రెషర్ గేజ్ ఎంత చూపాలి? సున్నా కాదు. అప్పుడది బయటి గాలి ఒత్తిడినే చూపుతుంది. చెన్నైలో పాదరసం లెక్కన దాదాపు 30 అంగుళాలు. ఇక్కడ మన పాత హెచ్ఏఎల్ విమానాశ్రయం సముద్రమట్టానికి సుమారు 2,900 అడుగుల ఎత్తున ఉంది కాబట్టి 27కి దగ్గర్లో. కొత్త మోడల్ ఏది దొరికినా నేను ముందు ఆ ముల్లునే చూస్తాను. ఈ రెండు ఊళ్లలోనూ ముల్లు ఒకేచోట నిలిస్తే ఇంజిన్ గురించి చదవకుండా చేశారని అర్థం.

ఇప్పుడు నేలమీద నడక. డకోటాకు ముక్కు కింద చక్రం లేదు, తోక కింద ఉంది. బరువు కేంద్రం రెక్కల కింది పెద్ద చక్రాలకు వెనక పడుతుంది. అందువల్ల కొద్దిగా పక్కకు తిరిగిందంటే ఆ తిరుగుడు ఇంకా పెరుగుతుందే తప్ప దానంతట అది సర్దుకోదు. తోక మీద నిలువుగా ఉండి విమానాన్ని పక్కకు తిప్పే పలక, అంటే రడ్డర్, ఒక్కటే, మధ్యలో ఉంటుంది. రెండు ప్రొపెల్లర్ల గాలీ చాలావరకు దానికి అటూ ఇటూ పోతుంది. కాబట్టి వేగం పుంజుకునేదాకా రడ్డర్‌కు పెద్దగా పట్టు ఉండదు. అప్పటిదాకా తోక చక్రానికి లాక్ వేసి, ఎడమ, కుడి ఇంజిన్ల పవర్ కాస్త తేడాగా ఇస్తూ విమానాన్ని తిన్నగా ఉంచాలి. మోడల్‌లో ఇది రావాలంటే బరువు ఎంతో తెలిస్తే చాలదు, ఆ బరువు ఎక్కడెక్కడ ఉందో తెలియాలి. పూర్తి లోడుతో సీ-47 దాదాపు 14 టన్నులు. ఇంధనం రెక్క మధ్యభాగంలోని నాలుగు ట్యాంకుల్లో, సరుకు వెనకాల పొడుగునా. ఆ లెక్క తప్పితే విమానం కారులాగా తిన్నగా పోతుంది. నడిపేవాళ్లకు హాయిగానే ఉంటుంది, కానీ అది డకోటా కాదు.

దీనికి పనిముట్లు రెండు దారుల్లో ఉన్నాయి. ఎక్స్-ప్లేన్ అనే సిమ్యులేటర్ రెక్కను ముక్కలు ముక్కలుగా తీసుకుని ఒక్కో ముక్క మీద గాలి బలాన్ని లెక్కిస్తుంది. ఫ్లైట్‌గేర్ అనే ఇంకో సిమ్యులేటర్‌లో విమానం కదలికలు లెక్కించడానికి వాడే జేఎస్‌బీసిమ్‌కు ఆ బలాలను పట్టికలుగా మనమే రాసివ్వాలి. మొదటిసారి చేసేవాళ్లకు నేను రెండోదే చెబుతాను. ఉచితం, పైగా ప్రతి అంకె కళ్లెదుట ఉంటుంది. ఎందుకు అలా ఎగిరిందో వెతుక్కోవచ్చు.

శబ్దం విషయంలో నాకు కాస్త పట్టింపు ఎక్కువ. రెండు ఇంజిన్ల వేగం సరిగ్గా కలవకపోతే మోత ఊగుతుంది. లెక్క చూడండి. ప్రొపెల్లర్ ఇంజిన్‌కన్నా నెమ్మదిగా, 16కు 9 నిష్పత్తిలో తిరుగుతుంది, దానికి మూడు బ్లేడ్లు. ఇంజిన్ల మధ్య నిమిషానికి 20 చుట్ల (ఆర్పీఎం) తేడా ఉంటే దాదాపు రెండు సెకన్లకోసారి మోత పెరిగి తగ్గుతుంది. పైలట్ ఒక లీవర్‌ను వెంట్రుకవాసి కదుపుతూ ఆ ఊగుడు పోయేదాకా సర్దుతాడు. ఇది చెవితో చేసే పని. రెండు ఇంజిన్లకూ కలిపి ఒకే రికార్డింగ్ పెడితే ఈ పనికి చోటే ఉండదు. ఒక్కో ఇంజిన్ శబ్దాన్ని దాని ఆర్పీఎంకు కట్టి విడివిడిగా వినిపిస్తే ఊగుడు దానంతట అదే వస్తుంది.

రూపం గురించి ఒక్కమాట. ఒంటి మీది అల్యూమినియం రేకు మెరుస్తుంది కానీ రెక్కల మీద, తోక మీద కదిలే పలకలు, అంటే ఎయిలెరాన్లు, ఎలివేటర్లు, రడ్డర్, గుడ్డతో కప్పినవి. వాటికి అదే మెరుపు ఇవ్వకండి. గుడ్డ కింద పక్కటెముకలు లీలగా కనబడాలి. మిగతాదంతా ఓపిక ఉంటే వచ్చేస్తుంది.

చివరిగా ఒక అభ్యర్థన. ఈ హాల్లో హెచ్ఏఎల్ కుటుంబాల వాళ్లు ఉండొచ్చు, బేగంపేటలో పనిచేసిన తాతయ్యల మనవలూ ఉండొచ్చు. ఇంట్లో పాత లాగ్‌బుక్కు, చెక్‌లిస్టు, చేత్తో రాసుకున్న మరమ్మతు నోట్సు ఏదున్నా పాతకాగితాలకు వేసేయకండి. ఫొటో తీసుకుని కాగితం మీకే తిరిగి ఇస్తాను. ఆ రోజుల్లో ఇంజిన్ల పని చేసిన పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్లకు వీలున్న రోజు చెప్పండి, నేనే వచ్చి కూర్చుంటాను. స్టార్ట్ చేసేటప్పుడు ఇంధనం, గాలి పాళ్లు సర్దే మిక్స్చర్ లీవర్ ఎప్పుడు ముందుకు తోసేవారు, ఏ శబ్దం వింటే చెయ్యి ఆపేవారు, ఇలాంటివే అడుగుతాను.