గాలి పీల్చడానికీ పెట్రోల్ ఖర్చే

శ్రోతలకు నమస్కారం.

బెంగళూరులో ట్రాఫిక్‌కు పేరుమోసిన సిల్క్ బోర్డు కూడలి దాటేసరికి పెట్రోల్ ముల్లు కిందికి దిగిపోతుందని మనవాళ్లు వాపోతుంటారు. ఏసీ, ఆగి ఆగి నడపడం కారణాలే. కానీ ఎవరూ పట్టించుకోని ఖర్చు ఇంకొకటుంది. గాలి పీల్చుకోవడానికే ఇంజన్ కొంత పెట్రోల్ కాల్చుకుంటుంది.

ఒక పాలు పెట్రోల్ సరిగ్గా మండాలంటే బరువులో సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి. కాబట్టి తక్కువ శక్తి చాలినప్పుడు పెట్రోల్‌తో పాటు గాలినీ తగ్గించాలి. ఆ పని థ్రాటిల్‌ది. గాలి గొట్టంలో తిరిగే గుండ్రటి రేకు అది. యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే దాదాపు మూసుకుంటుంది. సిలిండర్‌లో పైకీ కిందికీ ఆడుతూ గాలిని లాగే పిస్టన్ మాత్రం కిందికి దిగక తప్పదు. సిరంజి మూతికి వేలు అడ్డం పెట్టి వెనక్కి లాగి చూడండి, ఆ బిగువు తెలుస్తుంది. ఇలా వృథా అయ్యే శ్రమే పంపింగ్ లాస్.

ఎంతుంటుందంటారా? 1.2 లీటర్ల ఇంజన్ 2000 ఆర్‌పీఎంలో, అంటే నిమిషానికి 2000 చుట్లు, తిరుగుతోందనుకోండి. థ్రాటిల్ దాటాక గాలి ఒత్తిడి బయటికంటే 50 కిలోపాస్కల్స్, అంటే దాదాపు సగం, తక్కువైతే, ఆ లాగుడుకే సుమారు 1 కిలోవాట్ పోతుంది. చదును రోడ్డు మీద గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లే చిన్న కారుకు చక్రాల దగ్గర కావలసింది దాదాపు 2 కిలోవాట్లే!

ఇక్కడో విశేషం. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. గాలి ఒత్తిడి చెన్నై కంటే సుమారు పది శాతం తక్కువ. అంతే శక్తికి ఇక్కడ థ్రాటిల్ ఇంకాస్త ఎక్కువ తెరుచుకోవాలి, అందువల్ల ఈ నష్టం కొంచెం తగ్గుతుంది. ఇంజన్ ఇవ్వగల గరిష్ఠ శక్తి కూడా తగ్గుతుందనుకోండి.

ఇంజనీర్లు ఊరుకోలేదు. 1997లో వచ్చిన టొయోటా ప్రియస్‌లో గాలి లోపలికొచ్చే వాల్వు ఆలస్యంగా మూసుకుంటుంది, ఎక్కువైన గాలి వెనక్కి పోతుంది. 2001లో బీఎండబ్ల్యూ, వాల్వు ఎంత లేవాలో మార్చి గాలిని అదుపు చేసే పద్ధతి తెచ్చింది. రెండింటిలోనూ థ్రాటిల్‌ను అంతగా మూయక్కర్లేదు. డీజిల్ ఇంజన్ మామూలుగా ఇంధనాన్ని మాత్రమే తగ్గిస్తుంది, దాని మైలేజీకి అదొక కారణం.

బెంగళూరులో బండి విడిభాగాలు అమ్మే జేసీ రోడ్డులో ఖరీదైన ఎయిర్ ఫిల్టర్ కొని మైలేజీ పెరుగుతుందని ఆశపడకండి. అసలు అడ్డు థ్రాటిల్ దగ్గర ఉంటే, దాని ముందు దారి వెడల్పు చేసి ఏం లాభం? ఆ డబ్బు మిగుల్చుకోండి.

దానికంటే గేరు మంచి మందు. ఒకే వేగంలో పై గేరుకు మారితే ఆర్‌పీఎం తగ్గుతుంది, థ్రాటిల్ ఎక్కువ తెరుచుకుంటుంది, పిస్టన్‌కు ఆ లాగుడు తగ్గుతుంది. ఇంజన్ వణికితే మాత్రం వెంటనే గేరు దించండి.