కొండవీటి చెరువుల గురించి కాస్త వినండి

సభకు నమస్కారం. నాకు పది నిమిషాలే ఇచ్చారు. వేదిక మీది పెద్దల పేర్లన్నీ చదివితే అందులో సగం అయిపోతుంది. అందుకని అందరికీ కలిపి ఒకటే దండం.

కొండవీడు కోట చరిత్ర చెప్పమన్నారు. ప్రోలయ వేమారెడ్డి అద్దంకి రాజధానిగా రెడ్డిరాజ్యం స్థాపించాడు. కొడుకు అనవోతారెడ్డి రాజధానిని కొండవీటికి మార్చాడు. తర్వాత అనవేముడు, కుమారగిరి, పెదకోమటి వేముడు. ఈ పెదకోమటి కొలువులోనే శ్రీనాథుడు విద్యాధికారి. ఇదంతా మీరు బళ్లో చదివిందే, నేను సాగదీయను.

మన కోటల్లో ఏ గుడికి వెళ్లినా నేల తవ్వేసి ఉంటుంది. గుప్తనిధులట! విగ్రహాలు పెకలించారు, గచ్చు పగలగొట్టారు. కొండవీడు అనగానే నన్నూ అదే అడుగుతారు, "మాస్టారూ, నిధి ఎక్కడుందండీ?" అని. చదువుకున్నవాళ్లే అడుగుతారు! ఉంది నాయనా, కొండ పైనే ఉంది, ముత్యాలమ్మ చెరువు, పుట్టలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు. మూడు చెరువులు. అంత ఎత్తున! ఆ మాట వినగానే మొహం తిప్పుకుంటారు.

శత్రువు ఎక్కలేని కొండ సరే, దాని మీద మనవాళ్లు బతకాలి కదా. సైనికులు తాగాలి, గుర్రాలు తాగాలి, వంట కావాలి. ముట్టడి అంటే సినిమాలో చూపించినట్టు కత్తులు తిప్పడం కాదండీ. లోపల తిండీ నీళ్లూ ఎన్నాళ్లకు వస్తాయన్నదే లెక్క. కృష్ణదేవరాయలు ఉదయగిరిని పట్టడానికి ఏడాది దాటింది. 1515లో కొండవీటి మీదికి వచ్చాడు. అప్పటికి కోట ఒడిశా గజపతుల చేతిలో ఉంది, లోపల వాళ్ల రాజు ప్రతాపరుద్ర గజపతి కొడుకు వీరభద్రుడున్నాడు, చివరికి పట్టుబడ్డాడు. గెలిచినవాడి పేరు అందరికీ తెలుసు. అన్నాళ్లు లోపల ఉన్నవాళ్లకు నీళ్లెక్కడివి అని ఎవరూ అడగరు.

పెదకోమటి కొడుకు రాచవేముడు పురిటి మీద పన్ను వేశాడని కథ చెబుతారు. బాలింత దగ్గర కూడా వసూలు చేశాడట! ఆ కథ మొదలుపెడితే నాకు టైం చాలదు. అధ్యక్షులవారు అప్పుడే గడియారం చూస్తున్నారు.

తర్వాత గోల్కొండ సుల్తానులు, ఫ్రెంచివాళ్లు, ఇంగ్లీషువాళ్లు వచ్చారు. పాలన కొండ మీది నుంచి కిందికి దిగిపోయింది, కోట పాడుబడింది. ఇప్పుడు ఘాట్ రోడ్డు వేశారు, సంతోషం. కారు దిగి సెల్ఫీ తీసుకుని, తాగిన సీసా ఆ చెరువులోకే విసిరేస్తే ఎలాగమ్మా? అక్కడ కూర్చున్న కాలేజీ పిల్లలూ, మిమ్మల్నే!

గోడలకు రిపేరు చేయించేవాళ్లు చెరువుల పూడిక కూడా తీయించాలి. వాన నీరు దిగే దారులు వెతికి పటం గీయించాలి. ఆ పనికి వచ్చేవాళ్లుంటే సభ అయ్యాక నా దగ్గరికి రండి, పేర్లు రాసుకుంటాను. నిధి గురించి అడిగేవాళ్లు మాత్రం దయచేసి రావద్దు.