సెల్‌ఫోన్ పట్టుకుని బండి నడిపితే లైసెన్సు ఏమవుతుంది?

(అనంతపురంలో లారీ, ఆటో డ్రైవర్లు, వాహన యజమానుల కోసం ప్రసంగ పాఠం)

అన్నలకు, తమ్ముళ్లకు, లారీ ఓనర్లకు నమస్కారం.

సెల్‌ఫోన్ డ్రైవింగ్ అనగానే అందరూ అడిగేది ఒకటే: "ఫైన్ ఎంత సార్?" ఆ లెక్క ముందే చెప్పేస్తాను. ఎక్కువసేపు మాట్లాడాల్సింది లైసెన్సు గురించి. డ్రైవరుకు అసలు దెబ్బ తగిలేది అక్కడే.

మోటారు వాహనాల చట్టం 1988 నాటిది. అందులో 184వ సెక్షన్ ప్రమాదకరంగా నడపడం గురించి. 2019లో దాన్ని సవరించారు, అదే ఏడాది సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. రెడ్ సిగ్నల్ దాటడం, రాంగ్ రూట్‌లో రావడం లాంటివాటి సరసనే, నడుపుతూ చేతిలో ఫోన్ వాడటాన్నీ ఈ సెక్షన్‌లో పేరు పెట్టి చేర్చారు. మొదటిసారైతే వెయ్యి నుంచి 5 వేల దాకా జరిమానా, లేదా 6 నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా రెండూ. మూడేళ్లలోపు మళ్లీ దొరికితే జరిమానా 10 వేలు, లేదా రెండేళ్ల దాకా జైలు, లేదా రెండూ. ఇది కోర్టు వేసే శిక్ష. కోర్టు దాకా పోకుండా కట్టే కాంపౌండింగ్ మొత్తాన్ని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే 20 వేలు కట్టాలని తిరిగే వాట్సాప్ మెసేజ్‌ను నమ్మకండి. 184లో అలాంటి అంకె లేదు.

ఇక లైసెన్సు. 206వ సెక్షన్ ప్రకారం ఈ తప్పు చేశారని నమ్మితే పోలీసు అధికారి మీ లైసెన్సు తీసుకుని, ఆర్టీఓ ఆఫీసుకు పంపాలి. మీకు ఒక రసీదు ఇస్తారు. చాలామంది పొరపడేది ఇక్కడే. రసీదు జేబులో ఉంది కదా అని బండి తీస్తారు. లైసెన్సు తిరిగి వచ్చేదాకా ఆ రసీదుతో నడపడానికి వీల్లేదని చట్టమే చెబుతోంది. తర్వాత 19వ సెక్షన్ కింద లైసెన్సింగ్ అధికారి మీ వాదన వింటారు. నోటీసు వస్తే తప్పకుండా వెళ్లండి, వెళ్లకపోతే మీ మాట వినేవాళ్లే ఉండరు. తప్పు తేలితే మొదటిసారి మూడు నెలలు లైసెన్సు ఆగిపోతుంది. రెండోసారైతే రద్దే. మూడు నెలలు అయిపోగానే అది దానంతట అది చేతికి రాదు, రిఫ్రెషర్ శిక్షణ పూర్తి చేయాలి. నెల జీతం మీద బతికే లారీ డ్రైవరుకు మూడు నెలల ఖాళీ ముందు 5 వేల జరిమానా ఏపాటిది?

పోలీసు ఎదురుగా ఆపకపోయినా చలానా రావచ్చు. కెమెరాతో నమోదయ్యే తప్పుల్లో ఫోన్ వాడకాన్నీ కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 2021లో చేర్చిన 167ఎ నిబంధన లెక్కలోకి తీసుకుంది. నోటీసు 15 రోజుల్లో పంపాలి. రాగానే ఫొటో, బండి నంబరు, చోటు, సమయం చూసుకోండి. తేడా ఉంటే కట్టేయకండి, అభ్యంతరం చెప్పండి.

దారి చూసుకోవడానికి ఫోన్ వాడొచ్చా? వాడొచ్చు. 2020 అక్టోబరు 1 నుంచి అమలైన నిబంధన దీనికి ఒప్పుకుంటుంది, ధ్యాస చెదరకూడదన్న షరతుతో. కాబట్టి ఊరి పేరు బండి కదలకముందే కొట్టండి. హోల్డర్‌ను అద్దం మధ్యలో కాకుండా డ్యాష్‌బోర్డు మీద, రోడ్డు కనిపించడానికి అడ్డం రాని ఎత్తులో బిగించండి. మాటల్లో దారి చెప్పే సౌండ్ పెట్టుకుంటే స్క్రీన్ చూసే పని తగ్గుతుంది. బ్లూటూత్ సంగతికొస్తే, 184 చెప్పేది చేతిలో పట్టుకునే పరికరం గురించే. కానీ చేతులు ఖాళీగా ఉన్నంత మాత్రాన మనసు రోడ్డు మీద ఉన్నట్టు కాదు. బేరం మాట్లాడుతూ నడిపేవాడికి ఎదురుగా ఉన్న స్పీడ్ బ్రేకర్ కూడా కనబడదు.

గుత్తి వైపు 44వ నంబరు హైవే మీద 80 వేగంతో పోతుంటే సెకనుకు 22 మీటర్లు దాటుతారు. మెసేజ్ చదవడానికి 5 సెకన్లు తల దించితే 110 మీటర్లు చూడకుండా నడిపినట్టే. లోడుతో ఉన్న లారీ బ్రేకు వేయగానే నిలవదు. ఆటో, బైకుల్లో ఇంకో చిక్కు ఉంది. ఫోన్ ఎడమ చేతిలో ఉంటుంది, క్లచ్ కూడా ఎడమ వైపే. ఆటోలో గేరు కూడా అక్కడే. కుక్క అడ్డం వస్తే క్లచ్ నొక్కలేరు, ఇంజను ఆగిపోతుంది లేదా బండి తోసుకుపోతుంది. హెల్మెట్‌లో ఫోన్ ఇరికించేవాళ్లు ఇంకొంచెం తెలివైనవాళ్లం అనుకుంటారు! దానివల్ల హెల్మెట్ తలకు సరిగా కూర్చోదు, పడితే ఊడిపోవచ్చు.

ఫోన్ ఎత్తక తప్పకపోతే సర్వీసు రోడ్డుకు దించి ఆపండి. హైవే లైనులోనే నిలిపితే 122వ సెక్షన్ కింద అదీ తప్పే.

ప్రమాదం జరిగాక ఫోన్ మళ్లీ బయటికొస్తుంది. బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 94వ సెక్షన్ కింద, ఏ సమయంలో ఫోన్ మాట్లాడారో చూపే కాల్ రికార్డును పోలీసులు తెప్పించుకోవచ్చు. సమయం సరిపోలితే అది సాక్ష్యం. ఎవరైనా చనిపోతే బీఎన్‌ఎస్ (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 106(1) కింద ఐదేళ్ల దాకా జైలు, జరిమానా. దెబ్బ తిన్నది మీరే అయినా, ఫోన్ మాట్లాడుతూ ఉన్నట్టు తేలితే, మీ నిర్లక్ష్యం పాలు ఎంతో చూసి, ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్ ఆ పరిహారంలో కోత పెట్టొచ్చు.

చివరగా ఓనర్లకు. చీనీకాయల లోడు ఎక్కించాక "యాడున్నావు?" అని గంటకోసారి ఫోన్ చేసేది మీరే. ఇంత దూరం పోయాక ఫలానా చోట ఆగి డ్రైవరే ఫోన్ చేయాలని ముందే మాట్లాడుకోండి. కెమెరా చలానా మీ పేరుతోనే వస్తుంది. ఆ రోజు ఎవరు నడిపారని పోలీసులు అడిగితే 133వ సెక్షన్ ప్రకారం చెప్పాల్సింది మీరే. కాబట్టి ట్రిప్పు పుస్తకంలో డ్రైవరు పేరు, లైసెన్సు నంబరు, బండి బయల్దేరిన సమయం రాసి, సంతకం పెట్టించుకోండి.