నల్ల ఫ్యాన్ కొంటున్నారా? జేబులో ఒక అయస్కాంతం వేసుకుని వెళ్ళండి

[హాల్లో తిరుగుతున్న నల్ల ఫ్యాన్. కెమెరా మెల్లగా కిందికి దిగి మనిషి ముఖం మీద ఆగుతుంది.]

నమస్తే అండీ, ఒడిశా బరంపురం నుంచి మాట్లాడుతున్నాను. ఇదిగో, పైన తిరుగుతోందే, ఇది మా ఇంట్లో రెండో నల్ల ఫ్యాన్. మొదటిది ఏమైందో కాసేపట్లో చూపిస్తాను, దాని రెక్క ఒకటి ఇంకా మేడమీదే పడి ఉంది.

ముందు ఇంట్లో జరిగిన గొడవ చెప్పాలి, ఎందుకంటే మీ ఇంట్లోనూ అదే జరుగుతుంది. గోడలకి రంగులు వేయించాక హాల్లో పాత తెల్ల ఫ్యాన్ తీసేసి నల్లది పెడదామన్నాను. మా అమ్మ, "ఏట్రా, నట్టింట్లో నల్లటిది వేలాడదీస్తావా, దిష్టిబొమ్మలాగ?" అంది. సరే చూశాక చెప్పమ్మా అని అన్నపూర్ణ మార్కెట్ వైపు ఒక షాపుకి తీసుకెళ్ళాను. షాపతను మర్యాదగా "కళా పంఖా దేఖిబే, మావుసీ?" అన్నాడు. ఒడియాలో కళా అంటే నలుపని అమ్మకి తెలియక కాదు, పుట్టి పెరిగింది ఇక్కడే. అయినా ఊరుకోకుండా, "కళే ఉంటే ఇంకేం బాబూ, అది లేదనే కదా నా బాధ" అంది. అతనూ తెలుగువాడేనట, పడీపడీ నవ్వాడు. ఆ నవ్వులోనే నేను రంగు తప్ప ఇంకేమీ చూసుకోకుండా బిల్లు కట్టేసి వచ్చాను. అక్కడే దెబ్బతిన్నాను.

[మేడమీద. తుప్పు పట్టిన రెక్క చేతిలో. దగ్గరగా చూపించాలి.]

చూడండి. ఇది నల్ల రంగు వేసిన ఇనప రేకు. మనకి గోపాల్‌పూర్ సముద్రం పక్కనే ఉంది, ఇక్కడి గాలిలో తేమా ఉంటుంది, ఉప్పూ ఉంటుంది. రంగు ఎక్కడ చిన్న గీత పడినా చాలు, అక్కడ మొదలవుతుంది తుప్పు. నాది ముందు మరల దగ్గర మొదలైంది, ఎందుకంటే బిగించేటప్పుడు స్క్రూడ్రైవర్ జారి రంగు లేచిపోయింది. రెండో వానాకాలానికి రెక్క అంచు కూడా ఇలా పొరలు పొరలుగా లేచింది. తెల్ల ఫ్యాన్‌కి పట్టదా అంటే పడుతుంది, కానీ తుప్పు మరక ఆ తెలుపు మీద మొదట్లోనే కనబడిపోతుంది, ఏదో ఒకటి చేస్తాం. నలుపు మీద ఆ గోధుమరంగు చాలాకాలం కలిసిపోయి ఉంటుంది, మనం చూసేసరికి లోపల తినేసి ఉంటుంది.

అందుకే అయస్కాంతం. ఫ్రిజ్ మీద బొమ్మలు అంటిస్తారు కదా, అలాంటిది ఒకటి చాలు. షాపులో రెక్కకి తాకించండి. అంటుకుంటే ఇనుము, అంటుకోకపోతే అల్యూమినియమో ప్లాస్టికో. రెక్కకే చూడండి, మోటారుకి కాదు, మోటారు లోపల ఇనుము ఎలాగూ ఉంటుంది. రెక్కని మోటారుకి కలిపే పట్టీకి కూడా తాకించండి, చాలావాటిలో అది ఇనుమే. రాయగడలోనో జయపురంలోనో ఉండేవాళ్ళకి ఉప్పుగాలి గొడవ లేదు, ఇనప రెక్క అయినా కొన్నేళ్ళు లాగుతుంది. బరంపురం, ఛత్రపురం, ఇచ్ఛాపురం వైపు వాళ్ళు మాత్రం అల్యూమినియం రెక్కే తీసుకోండి, ప్లాస్టిక్ రెక్కలదైనా పరవాలేదు. షాపతను నవ్వినా సరే, మీ డబ్బు మీది.

[మళ్ళీ హాల్లో. వేలితో రెక్క అంచు తుడిచి వేలు చూపించాలి.]

ఇప్పుడు అందరూ నమ్మే మాట ఒకటి. "నలుపైతే మురికి కనబడదు." తప్పు. ఇంట్లో దుమ్ము నల్లగా ఉండదండీ. బట్టల పీచు, మట్టి, మన ఒంటి పొట్టు, ఇవన్నీ కలిసి బూడిద రంగులో ఉంటుంది. నలుపు మీద బూడిద రంగు ఎలా కనబడుతుందో చెప్పక్కర్లేదు కదా. రెక్క పైభాగం మనకి కనబడదు, కానీ గాలిని కోసుకుంటూ ముందుకెళ్ళే అంచు ఉంటుంది చూడండి, దుమ్ము అక్కడే గట్టిగా పేరుకుంటుంది. ఫ్యాన్ ఆపగానే మూడు రెక్కల మీదా మూడు తెల్లటి గీతలు. చుట్టాలొచ్చినప్పుడే కరెంటు పోతుంది, వాళ్ళ కళ్ళు తిన్నగా అక్కడికే వెళ్తాయి.

అదే వంటింటి పక్కన అయితే లెక్క మారుతుంది. పోపు పొగ, నూనె జిడ్డు, మసి, ఇవి తెలుపు మీద ఘోరంగా కనబడతాయి, నలుపు మీద కొంత దాగుతాయి. కొరాపుట్ వైపు రోడ్డు పక్క ఇళ్ళవాళ్ళకి ఎర్రమట్టి దుమ్ము, అది తెలుపునీ వదలదు, నలుపునీ వదలదు. వాళ్ళకి నేనైతే కాఫీ రంగు చెప్తాను, నల్ల ఫ్యాన్ గురించి వీడియో చేస్తూ ఈ మాట అనకూడదేమో గానీ.

సరే, నలుపే కావాలి. అప్పుడు మెరిసే నలుపా, మెరవని నలుపా? షాపులో మ్యాట్, గ్లాసీ అంటారు. మెరిసేదాని మీద వేలిముద్రలు, దుమ్ము, ట్యూబులైటు ప్రతిబింబం అన్నీ కనబడతాయి, కానీ తడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే పోతాయి. మ్యాట్ చూడ్డానికి బాగుంటుంది, ఇప్పుడు ఎక్కువమంది అడిగేది కూడా అదే, కానీ జిడ్డు పట్టిందంటే మాత్రం రుద్దాల్సిందే, గట్టిగా రుద్దితే ఆ ఒక్కచోట మెరుపు తేలి మచ్చలా మిగిలిపోతుంది. కాబట్టి పడగ్గదికీ హాలుకీ మ్యాట్, వంటింటికి దగ్గరైతే మెరిసేది. దుమ్ము అంటని పూత అని ఎక్కువ డబ్బులు అడుగుతారు కొన్నిటికి. అంటడం తగ్గుతుందేమో గానీ మానదు, తుడవడం తప్పదు.

తుడవడానికి ఒక చిట్కా, ఇది మా అమ్మది. పాత దిండు గలీబు తీసుకుని రెక్కకి తొడిగి, పైనుంచి వత్తుతూ లాగేయండి. దుమ్మంతా గలీబులోనే ఉండిపోతుంది, మంచం మీద పడదు. ఒక చేత్తో రెక్కని కిందనుంచి పట్టుకోండి, వంగితే మాత్రం ఫ్యాన్ ఊగడం మొదలవుతుంది. స్టూలు ఎక్కేముందు గోడ స్విచ్ ఆపండి, రిమోట్‌తో ఆపి ఎక్కకండి, రిమోట్‌తో ఆపినా ఫ్యాన్‌లోకి కరెంటు వస్తూనే ఉంటుంది.

[ఫ్యాన్ పెట్టె. లేబుల్ మీదికి కెమెరా.]

రిమోట్ మాటొచ్చింది కాబట్టి మోటారు సంగతి చూద్దాం. మామూలు ఫ్యాన్, అంటే మన పాత రకం, 70 నుంచి 80 వాట్లు తాగుతుంది. బీఎల్‌డీసీ అని కొత్త రకం వచ్చింది, అది 28 నుంచి 35 వాట్లతో దాదాపు అంతే గాలి ఇస్తుంది. తేడా ఎక్కడంటే, కొత్తదాంట్లో తిరిగే భాగానికి శాశ్వత అయస్కాంతాలు ఉంటాయి, పాతదాంట్లో ఆ అయస్కాంత శక్తిని కూడా కరెంటుతోనే పుట్టించాలి, అందులో కొంత వేడిగా పోతుంది. గంటసేపు తిరిగిన పాత ఫ్యాన్ ఆపి మోటారు మీద చెయ్యి పెట్టండి, మీకే తెలుస్తుంది.

2023 జనవరి 1 నుంచి సీలింగ్ ఫ్యాన్లకి కరెంటు పొదుపు చూపే స్టార్ లేబుల్ తప్పనిసరి. నక్షత్రాలు లెక్కపెట్టి ఊరుకోకండి, ఆ లేబుల్ మీద నిమిషానికి ఎన్ని ఘనమీటర్ల గాలి ఇస్తుందో, ఎన్ని వాట్లు తింటుందో ఉంటుంది. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. 210 ఘనమీటర్లు, 35 వాట్లు అనుకోండి, 6 వస్తుంది. 2023లో లేబుల్ తప్పనిసరి చేసినప్పటి లెక్కలో, మనం ఇళ్ళలో వాడే 1200 మిల్లీమీటర్ల ఫ్యాన్‌కి 5 స్టార్లు రావాలంటే ఆ 6 ఉండాలి. కానీ మన బరంపురం ఉక్కపోతకి నేను గాలి అంకెనే ముందు చూస్తాను. ఫ్యాన్ గాలిని చల్లబరచదు కదా, చెమటని ఆరబెడుతుంది, అంతే. గాలిలో ఇంత తేమ ఉన్నప్పుడు చెమట ఆరాలంటే గాలి జోరుగా తగలాలి. 28 వాట్లే అని మురిసిపోయి తక్కువ గాలిచ్చేది కొంటే మే నెలలో ఏడుస్తారు.

డబ్బు లెక్క చూద్దాం. రోజుకి 15 గంటలు తిరిగితే 75 వాట్ల ఫ్యాన్‌కి నెలకి దాదాపు 34 యూనిట్లు, 30 వాట్లదానికి 13న్నర. ఇరవై యూనిట్లు మిగులుతాయి. యూనిట్ 5 రూపాయలు అనుకుంటే నెలకి వంద. కొత్తరకానికి వెయ్యో పదిహేను వందలో ఎక్కువ పెట్టినా పది, పదిహేను నెలల్లో వచ్చేస్తుంది. ఇన్వర్టర్ ఉన్నవాళ్ళకి అసలు లాభం ఇంకోటి, అదే బ్యాటరీ మీద ఫ్యాన్ రెట్టింపు సేపు పైగా తిరుగుతుంది. 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటాక రోజుల తరబడి కరెంటు లేకుండా కూర్చున్నవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

అయితే దీనికీ ఒక బలహీనత ఉంది. లోపల ఎలక్ట్రానిక్ బోర్డు ఉంటుంది, పెద్ద పిడుగులకి అది పోవచ్చు. కాలబైశాఖి గాలివానలు మొదలైతే గోడ స్విచ్ కూడా ఆపేయండి. పాత ఫ్యాన్ నెమ్మదిస్తే మన వీధి మిస్త్రీ తక్కువ ఖర్చుతో కండెన్సర్ అనే చిన్న భాగం మార్చి వెళ్ళిపోతాడు, ఈ బోర్డు పోతే కంపెనీవాళ్ళు రావాలి. పర్లాకిమిడి, గుణుపురం లాంటి చోట్ల ఉన్నవాళ్ళు కొనేముందే అడగండి, పాడైతే ఎవరొస్తారు, ఎన్ని రోజుల్లో అని. తిన్నగా జవాబు రాకపోతే మామూలు మోటారుదే నయం. ఇంకోటి, దీనికి గోడమీది పాత రెగ్యులేటర్ వాడకూడదు, తీయించేయండి.

[పాత ఇల్లు. ఎత్తయిన కప్పు, దూలాలు.]

ఇక ఎత్తు. రెక్కలు నేల నుంచి 8 అడుగుల పైన, తొమ్మిది దాకా ఉంటే గాలి బాగా తగులుతుంది, కప్పుకి కనీసం అడుగు దూరం ఉండాలి, లేకపోతే పైనుంచి లాక్కోవడానికి గాలే ఉండదు. పది అడుగుల స్లాబ్ ఇళ్ళకి పెట్టెలో వచ్చే రాడ్ సరిపోతుంది. మన పాత వీధుల్లో దూలాల ఇళ్ళు ఉన్నాయి చూడండి, పన్నెండు పద్నాలుగు అడుగులు, వాటికి పొడుగు రాడ్ కావాలి. నల్ల ఫ్యాన్ కొన్నవాళ్ళకి ఇక్కడే చిక్కు. విడిగా దొరికే పొడుగు రాడ్లు ఎక్కువగా తెల్లవే, మా వీధిలో ఒకాయన నల్ల ఫ్యాన్‌కి తెల్ల రాడ్ వేయించాడు, కొంగ మెడకి కాకి తలకాయ పెట్టినట్టుంది. అదే కంపెనీ నల్ల రాడ్ దొరుకుతుందా అని ముందే అడగండి, లేదంటే నల్ల రంగు స్ప్రే కొట్టించాలి. పైన హుక్కుని మూసే కప్పు కూడా నల్లదే వచ్చిందో లేదో పెట్టె విప్పించి చూడండి.

ఎత్తు తక్కువ గదిలో, ముఖ్యంగా తెల్ల స్లాబ్ కింద, నల్ల ఫ్యాన్ ఉన్నదానికంటే కిందికి వచ్చినట్టు కనబడుతుంది. పదికి పది గదిలో కొందరికి అది తలమీద వేలాడినట్టే ఉంటుంది. అట్టముక్క ఒకటి నాలుగడుగుల వెడల్పున గుండ్రంగా కోసి నల్ల కాగితం అంటించి పైన పట్టుకుని చూడండి, పిచ్చిపనిలా ఉంటుంది గానీ మా చెల్లి అలా చూసే పడగ్గదికి వద్దనుకుంది. లైటు రెక్కలకి పైన ఉంటే ఏ రంగు ఫ్యానైనా వెలుగు మినుకుమినుకుమంటుంది, పిల్లలు చదువుకునే గదిలో లైటు గోడకి మార్చుకోండి.

"నలుపు వేడి లాక్కుంటుంది కదా, మోటారు కాలిపోదా?" అని మా బాబాయ్ అడిగారు. ఎండ పడితే కదా బాబాయ్ లాక్కునేది. ఇంట్లో ఫ్యాన్‌కి ఎండ ఎక్కడ తగులుతుంది, మోటారు వేడి దాని వైండింగ్‌ది, అంటే లోపలి తీగచుట్టది, రంగుది కాదు. రేకుల షెడ్డు కింద వేడి గాలి కొడుతుందంటే అది రేకు తప్పు. సాయంత్రం ఎండ నేరుగా పడే వసారాలో పెడితే మాత్రం నల్ల రంగు కొన్నేళ్ళకి వెలిసిపోతుంది.

[మిస్త్రీ నిచ్చెన మీద. రెక్కలు బిగిస్తున్నాడు.]

బిగించేరోజు దగ్గరుండండి. మూడు రెక్కలూ ఒకే సెట్‌వి, తూకం చూసి పెట్టినవి, ఒకటి సొట్ట పడితే పక్క ఫ్యాన్‌ది తెచ్చి వేయనివ్వకండి. స్క్రూడ్రైవర్ జారి గీత పడిందా, అప్పుడే కాస్త నల్ల ఎనామిల్ రాయించండి, ఆ గీత విలువ నాకు ఒక ఫ్యాన్. వారంటీ కార్డు మీద తేదీ వేసి షాపు స్టాంపు కొట్టించుకుని, ఆ కార్డు ఫోనులో ఫోటో తీసి పెట్టుకోండి.

[పక్కగది నుంచి అమ్మ గొంతు: "ఒరే, ఎవరూ లేని గదిలో ఆ కళా పంఖా ఎందుకు తిరుగుతోందిరా?"]

వస్తున్నా అమ్మా, ఆపేస్తున్నా.